నీటిలోని ఫ్లోరిన్ ప్లాస్టిక్కులు - వికిరణ ప్రభావము
(పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు)

కృష్ణా డెల్టా గ్రామములకు కాలువయే ప్రాణాధారము. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తియైనది మొదలు, 1957లో ప్రకాశం బ్యారేజి వెలసిన పిమ్మట గూడ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ, పశ్చిమ డెల్టా కాలువలు పొలములతో పాటు త్రాగునీటి చెరువులను నింపుచున్నవి. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల మూలమున గోదావరి జలము గూడ ఇబ్రహీంపట్నము కడ కృష్ణలో కలియుచున్నది. సముద్రతీరమునకు దాపుననున్న పెక్కు గ్రామములలో బావినీరు ఉప్పన. కాలువలు పారు దినములలో చెరువు నింపుకొని, కాలువలు కట్టివేసిన తరువాత వేసవి యంతయు ఆ నీటితోనే గడుపవలసియుండును. కావున ఎగువన కాలువలో పడిన వస్తువు దిగువనున్న గ్రామపు బిందెలోనికి చేరవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణచే త్రాగునీరు, పారిశుద్ధ్యము పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చేర్చబడినవి. అందుచే ఈ నీటియందు చేరు పదార్థములను గూర్చి పంచాయతీ సభ్యులు కొంత తెలిసికొనియుండుట మేలు.

కాలువలో పడిన ఆకు కుళ్లును, గుడ్డ చివుకును, సామాన్యమైన ప్లాస్టిక్కు సంచి ఎండకు పెళుసెక్కి తునియలగును. కాని ఫ్లోరిన్ అను మూలకము చేరిన ప్లాస్టిక్కులు కొన్ని ఎండకు, వానకు, క్రిమికి, ఆమ్లమునకు లొంగవు. వీనిని శక్తిమంతమైన కిరణములచే ధ్వంసము చేయవచ్చునని శాస్త్రజ్ఞులు పరిశోధనలు సాగించుచున్నారు. ఈ వార్తను విన్నవారికి సహజముగ రెండు సందేహములు కలుగును. కిరణములతో మన చెరువు నీటిని శుద్ధిచేసికొనవచ్చునా? ఈ ప్లాస్టిక్కు విరిగిన యెడల అందలి ఫ్లోరిన్ నీటిలో కలిసి ఫ్లోరోసిస్ వ్యాధిని తెచ్చునా? ఈ రెంటికిని సమాధానము చెప్పుటకు ప్రయత్నింతుము.

ఈ పదార్థము మనకు పరిచితమే

కుళాయి బిగించునపుడు మరలకు చుట్టు తెల్లని టేపును ఎరుగనివారుండరు. అంటుకొనని దోసె పెనము మీది నల్లని పూత గూడ ఆ జాతిదే. దీనిని పాలీటెట్రాఫ్లోరోఎథిలీను అందురు. టెఫ్లాన్ అనునది దాని వ్యాపారనామము. 1938లో అమెరికా దేశమున రాయ్ ప్లంకెట్ అను రసాయనజ్ఞుడు దీనిని యాదృచ్ఛికముగ కనుగొనెను. విద్యుత్తీగల తొడుగులలోను, రసాయన కర్మాగారముల గొట్టములలోను దీనిని వాడుదురు. దీనికి దాయాదియగు పాలీవినైలిడీన్ ఫ్లోరైడుతో నీటిని వడకట్టు సన్నని పొరలు తయారగుచున్నవి.

కర్బన పరమాణువులు వేలకొలది ఒకదానితో నొకటి చేయి కలిపి నిలిచిన పొడవైన గొలుసే ప్లాస్టిక్కు. సామాన్యపు ప్లాస్టిక్కులో ఈ గొలుసునకు ఇరువైపుల ఉదజని పరమాణువులుండును. టెఫ్లాన్‌లో ఉదజనికి బదులు ఫ్లోరిన్ ఉండును. తూకమున నూరు పాళ్లలో 76 పాళ్లు ఫ్లోరినే. కర్బనమును ఉదజనిని కలుపు బంధము కంటె కర్బనమును ఫ్లోరిన్‌ను కలుపు బంధము గట్టిది. అంతేకాక, బియ్యపు గింజను ఊక కప్పియుంచినట్లు ఫ్లోరిన్ పరమాణువులు కర్బనపు గొలుసును అన్ని వైపుల కప్పియుంచును. అందుచేతనే నీరు దానిని తడుపజాలదు. సూక్ష్మజీవి దానిని తినజాలదు. బలమైన ఆమ్లము సయితము లోనికి చొరజాలదు.

కిరణములలో తారతమ్యము

వికిరణము అనగానే భయపడవలసిన పని లేదు. దీపపు వెలుతురు, పొయ్యి వేడిమి, రేడియో తరంగము - ఇవియన్నియు వికిరణములే. వీని శక్తియందు మాత్రము గొప్ప భేదము కలదు. ఈ శక్తిని కొలుచు చిన్న కొలతను ఎలక్ట్రాను వోల్టు అందురు. నేలకు చేరు సూర్యకిరణములలో మిక్కిలి తీక్ష్ణమైన అతినీలలోహిత కిరణపు రేణువు శక్తి సుమారు 4 ఎలక్ట్రాను వోల్టులు. కర్బన-ఫ్లోరిన్ బంధమును త్రెంచుటకు దాదాపు 5 వలయును. కావున టెఫ్లాన్ ముక్క చెరువుగట్టున ఏండ్ల తరబడి ఎండలో పడియున్నను చెడదు.

కోబాల్టు-60 అను పదార్థము నుండి వెలువడు గామా కిరణముల సంగతి వేరు. వీని శక్తి 11 లక్షల 70 వేలు, 13 లక్షల 30 వేల ఎలక్ట్రాను వోల్టులు. ఈ కోబాల్టును మన దేశపు అణువిద్యుత్కేంద్రములలోనే తయారుచేయుచున్నారు. వైద్య సామగ్రిని ఈ కిరణములచే క్రిమిరహితము చేయుటకు ట్రాంబేలో ఐసోమెడ్ అను కేంద్రము 1974లో ప్రారంభమైనది. యంత్రములచే వేగముగ తరుమబడిన ఎలక్ట్రానుల ధారతో గూడ ఇట్టి పనులే చేయవచ్చును.

పదార్థము గ్రహించిన వికిరణమును గ్రే అను మానముతో కొలుతురు. వేయి గ్రేలు ఒక కిలోగ్రే. వైద్య సామగ్రికి సాధారణముగ 25 కిలోగ్రేల మోతాదు నిత్తురు. అంత మోతాదు నీటికిచ్చినను నీరు వేడెక్కునది 6 డిగ్రీలు మాత్రమే. కాని మానవ దేహమంతటికి ఒక్కసారిగ 5 గ్రేలు తగిలినచో ప్రాణాపాయము. ఈ కిరణములు కలిగించునది వేడి కాదు. అణువులలోని బంధముల చీలిక. ఇందుచేతనే ఇట్టి పనులు దళసరి గోడల మధ్య, శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో మాత్రమే జరుగును. అయినను కోబాల్టు కిరణములు సోకిన నీరు గాని, సామగ్రి గాని తాము రేడియోధార్మికములు కావు. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

గట్టి పదార్థము సులభముగ తెగుటకు కారణము

ఆమ్లమునకును ఎండకును లొంగని టెఫ్లాన్, గామా కిరణముల ముందు మిక్కిలి దుర్బలము. కొద్ది కిలోగ్రేలు తగులగనే దాని బిగువు సడలి పెళుసెక్కును. ఇందుచేతనే టెఫ్లాన్‌తో చేసిన వైద్య సామగ్రిని గామా కిరణములచే శుద్ధిచేయరు. వేరు పద్ధతుల ననుసరింతురు. సామాన్య ప్లాస్టిక్కగు పాలిథీను మాత్రము అంతకు పెక్కురెట్ల మోతాదును తట్టుకొనును. తగిన రీతిని కిరణములు సోకించినచో మరింత గట్టిపడును.

ఇందలి మర్మమిది. ఫ్లోరిన్ కవచము బయటి నుండి వచ్చు రసాయనములను అడ్డగించునే గాని గామా కిరణమునకు అడ్డు కాజాలదు. కిరణము కవచమును దాటి నేరుగ లోని గొలుసును తాకును. గొలుసులోని కర్బన-కర్బన బంధము, కర్బన-ఫ్లోరిన్ బంధమంత గట్టిది కాదు. అది తెగి రెండు కొసలు ఏర్పడును. పాలిథీనులో ఇట్లేర్పడిన కొసలు ప్రక్క గొలుసులతో ముడిపడును. టెఫ్లాన్‌లో గొలుసులు బిరుసుగ, దగ్గర దగ్గరగ పేర్చబడియుండుటచే తెగిన కొసలు కదలి కలిసికొనుట దుర్లభము. ఇంతలో గాలిలోని ప్రాణవాయువు వచ్చి తెగిన కొసను పట్టుకొనును. ఇక ఆ తెగిన చోటు అతుకదు.

గాలి లేని చోట, టెఫ్లాన్ కరగు 327 డిగ్రీల వేడిమిని దాటించి కిరణములు సోకించినచో గొలుసులు ముడిపడి గట్టిపడుట కలదు. ఫ్లోరిన్‌తో పాటు ఉదజనియు గల దాయాది ప్లాస్టిక్కులు సామాన్యపు వేడిలోనే ముడిపడగలవు. కావున ఫ్లోరిన్ ప్లాస్టిక్కులన్నియు ఒకే తీరున చెడునని చెప్పరాదు.

పరిశ్రమలవారు ఈ దౌర్బల్యమును ఉపయోగించుకొనుచున్నారు. పనికిరాని టెఫ్లాన్ ముక్కలకు వందల కిలోగ్రేల మోతాదునిచ్చి, పెళుసెక్కిన వానిని మెత్తని పొడిగ విసరి, ముద్రణ సిరాలలోను కందెనలలోను కలుపుచున్నారు.

నీటిలో జరుగు మార్పులు

కిరణము నీటిలో ప్రవేశించినపుడు మొదట చీలునది నీటి అణువే. అందుండి హైడ్రాక్సిల్ అను చురుకైన తునకయు, విడివడిన ఎలక్ట్రానును పుట్టును. ఈ ఎలక్ట్రాను చుట్టును నీటి అణువులు మూగియుండును. దీని ఉనికిని 1962లో హార్ట్, బోగ్ అను శాస్త్రజ్ఞులు ప్రత్యక్షముగ కనిపెట్టిరి. ఇవి సెకనులో అత్యల్ప భాగము మాత్రమే జీవించును. ఆలోపల ఎదురైన దానిపై పనిచేయును.

ఘనరూపమున నున్న టెఫ్లాన్ ముక్కను ఇవి లోపలినుండి చీల్చజాలవు. నీరే దానిలోనికి చొరదు గదా! ముక్కను చీల్చునది నేరుగ తాకు కిరణమే. కాని తెగిన కొసల విషయమున నీటికి పాత్ర కలదు. ప్రాణవాయువు పట్టుకొనిన కొసవద్ద ఫ్లోరిన్‌తో కూడిన చురుకైన సమ్మేళన మేర్పడును. నీరు దానిని తాకి రెండు పదార్థములుగ మార్చును. మొదటిది కొసయందు ఆమ్లపు గుంపు గల గొలుసు ముక్క. రెండవది హైడ్రోఫ్లోరికామ్లము. ఆ విధముగ నీరు ఆమ్లగుణము పొందును, ఫ్లోరైడు చేరును, ప్రక్కనున్న లోహభాగములు తినివేయబడును. వికిరణ తీవ్రత గల చోట్ల టెఫ్లాన్ బిళ్లలను, తొడుగులను వాడకుండుటకు ఇది యొక కారణము.

ఇక గొలుసు ముక్కల సంగతి చూతము. పొడవైన ముక్కలు నీటిలో కరగవు. ఎనిమిది కర్బనములు, అంతకు తక్కువగ గల పొట్టి ముక్కలు కొసయందలి ఆమ్లపు గుంపు మూలమున నీటిలో కలియును. ఎనిమిది కర్బనముల ముక్క పేరు పెర్‌ఫ్లోరో ఆక్టనోయిక్ ఆమ్లము; క్లుప్తముగ పి.ఎఫ్.ఓ.ఏ. దేహమున చేరిన పిదప ఇది వెడలిపోవుటకు సంవత్సరములు పట్టును. 2019లో స్టాక్‌హోమ్ ఒడంబడిక దీనిని తొలగింపవలసిన పదార్థముల పట్టికలో చేర్చినది. 2023లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ దీనిని మానవులకు క్యాన్సరు కలిగించునట్టి పదార్థముగ వర్గీకరించినది. కిరణములచే తయారైన టెఫ్లాన్ పొడిలో ఇది మిగులుచున్నందున ఐరోపా సమాఖ్య 2020లో ఆ పొడికి ప్రత్యేక పరిమితి విధించినది.

ఇచట సభ్యులు గ్రహింపవలసిన ముఖ్యాంశము కలదు. చెక్కుచెదరని టెఫ్లాన్ ముక్కను చేతితో ఏరివేయవచ్చును, వడపోతలో ఆపవచ్చును. సగము తెగిన ముక్క నీటిలో కరగి కంటికి, వడపోతకు చిక్కక పోవును. అందుచే పని సగములో నిలిచిపోవునట్టి ధ్వంసము కంటె అసలు ధ్వంసము చేయకుండుటయే మేలు.

కరగిన ముక్కలను గూడ కిరణములచే రూపుమాపవచ్చునా యన్నచో, ప్రయోగశాలలో సాధ్యమైనది. హైడ్రాక్సిల్ తునక ఈ గొలుసులను ఇంచుమించు తాకజాలదు. విడివడిన ఎలక్ట్రాను మాత్రము ఫ్లోరిన్‌ను ఒక్కొక్కటిగ ఊడదీయగలదు. కాని ఆ ఎలక్ట్రానును ముందుగ పట్టుకొనుటకు నీటిలో పెక్కు పోటీదారులున్నవి. కరగిన ప్రాణవాయువు ఒకటి. పొలముల నుండి వచ్చు నైట్రేటు మరియొకటి. కుళ్లిన ఆకుల రసము వేరొకటి. మన కాలువ నీటిలో ఇవి మూడును కలవు. కావున నీటిలోని గాలిని తొలగించి, క్షారగుణము పెంచి, మిక్కిలి ఎక్కువ మోతాదు నిచ్చినగాని ఫలము దక్కదు. కాలుష్యము గాఢముగ చేరిన కొద్దిపాటి నీటికి ఈ ఖర్చు భరింపవచ్చునేమో గాని, లక్షల లీటర్ల చెరువునీటికి ఇది తగిన పద్ధతి కాదు.

ఫ్లోరోసిస్‌కు దీనికి సంబంధము

మన దేశమున ఫ్లోరోసిస్ వ్యాధి మొట్టమొదట వెల్లడియైనది తెలుగు నేలమీదనే. నాటి నెల్లూరు జిల్లాలోని గ్రామములలో ఎముకలు బిగిసిపోయిన రోగులను పరీక్షించి 1937లో వైద్యులు దీనిని ప్రకటించిరి. దానికి కారణము నేలలోని రాళ్లు. రాతిలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరగి బావులలోనికి వచ్చును. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చుననియు, వేరు నీరు లేనిచో 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణము తెలుపుచున్నది.

ఒక చిన్న లెక్క వేయుదము. ఒక గ్రాము టెఫ్లాన్‌లో 760 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ కలదు. అది యంతయు ఫ్లోరైడుగ మారినచో 760 లీటర్ల నీటిని 1 మిల్లీగ్రాము స్థాయికి తేగలదు. కోటి లీటర్లు పట్టు చెరువును ఆ స్థాయికి తెచ్చుటకు సుమారు 13 కిలోల టెఫ్లాన్ పూర్తిగ కరగి చీలవలెను. చెరువులో అది ఎన్నటికి జరుగదు. ఎండకు అది చీలదని పైన తెలిపితిమి. కావున బోరునీటి ఫ్లోరైడును ప్లాస్టిక్కుపై మోపుట సరికాదు.

ఇంతటితో నిశ్చింతగ నుండుటయు తగదు. పి.ఎఫ్.ఓ.ఏ. హాని ఫ్లోరైడు హానికంటె భిన్నమైనది. దాని పరిమాణమును వేరు. అమెరికా ప్రభుత్వము 2024లో త్రాగునీటియందు దానికి విధించిన పరిమితి లీటరునకు 4 నానోగ్రాములు. ఒక మిల్లీగ్రాములో 10 లక్షల నానోగ్రాములుండునని తెలిసినచో ఇది యెంత స్వల్పమో బోధపడును. గ్రామమున వాడు ఫ్లోరైడు పరీక్ష పెట్టె దీనిని చూపజాలదు. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తగ్గించు నల్గొండ పద్ధతియు దీనిని తొలగింపజాలదు. ఫ్లోరైడు పరీక్షలో నీరు మంచిదని తేలినంత మాత్రమున ఈ పదార్థములు లేవని భావింపరాదు. ఉన్నవని భయపడుటకును అది ఆధారము కాదు.

పంచాయతీలు చేయదగిన పనులు

మొదటిది: కుళాయి పనుల తరువాత మిగిలిన టేపు తుంపులను, పూత లేచిన పెనములను, పాత వైర్లను కాలువగట్టున పారవేయనీయరాదు. వీనిని పొడిచెత్తతో వేరుగ సేకరించి ఊరి చెత్త కేంద్రమునకు పంపవలెను.

రెండవది: వీనిని తగులబెట్టరాదు. అధికమైన వేడిమికి టెఫ్లాన్ నుండి విషవాయువులు వెలువడును. రాగి కొరకు వైర్లను కాల్చు అలవాటును మాన్పింపవలెను. ఇండ్లలో అంటుకొనని పెనమును ఏమియు వేయకుండ పెద్దమంటపై ఉంచరాదని స్త్రీలకు, వంటవారికి తెలుపవలెను. సాధారణ వాడుకలో కుళాయి టేపు వలన భయము లేదు. దానిని ఊడదీయించవలసిన పని లేదు.

మూడవది: ఇసుక వడపోత, క్లోరిన్, మరగించుట - ఈ మూడును సూక్ష్మజీవులనుండి మనలను కాపాడుచున్నవి. వీనిని ఏ కారణమునను సడలింపరాదు. అయితే కరగిన ఫ్లోరిన్ ముక్కలను ఇవి తొలగింపవు. వానిని పట్టగలవి ఉత్తేజిత బొగ్గు, అయాను మార్పిడి జిగురు, ఆర్.ఓ. యంత్రము. ఇవి పట్టి వేరుచేయునే గాని ధ్వంసము చేయవు. అందుచే ఆర్.ఓ. కేంద్రము విడుచు నీటిని మరల త్రాగునీటి చెరువులోనికి వదలరాదు. వాడిన బొగ్గును చెరువుగట్టున పోయరాదు.

నాలుగవది: నీటి యంత్రములలో అమర్చు అతినీలలోహిత దీపము క్రిములను చంపుటకు ఉద్దేశింపబడినది. అది ఫ్లోరిన్ ముక్కలను రూపుమాపునని ఎవరైన చెప్పినచో నమ్మరాదు. కిరణములచే సర్వ కాలుష్యములు పోవునని యంత్రము నమ్మ వచ్చినవారిని ఈ ప్రశ్నలు వేయవలెను: ఏ కిరణము? ఎంత మోతాదు? మన కాలువ నీటితోనే పరీక్షించితిరా? చీలిన తరువాత మిగిలిన ముక్కలను కొలిచితిరా? గుర్తింపు పొందిన ప్రయోగశాల నివేదిక ఏది? సరియైన సమాధానములు రానిచో గ్రామనిధులను వెచ్చింపరాదు.

ఐదవది: మంటల నార్పుటకు వాడు కొన్ని నురుగులలో ఫ్లోరిన్ సమ్మేళనములుండును. చమురు మంటల నార్పిన పిమ్మట ఆ నురుగు కాలువలోనికి పారినను, కర్మాగారపు నీరు చెరువునకు చేరుచున్నట్లు తోచినను, వెంటనే గ్రామీణ నీటి సరఫరా ఇంజనీర్లకు, కాలుష్య నియంత్రణ మండలికి వ్రాతమూలముగ తెలియజేయవలెను. తేదీ, స్థలము, నీరు పారిన దిక్కు వ్రాసియుంచినచో పరీక్షకు తోడ్పడును. పరీక్షా ఫలితము తెలియువరకు ఆ కాలువనుండి చెరువు తూము మూసియుంచుట మంచిది.

ఫ్లోరిన్ ప్లాస్టిక్కును ప్రకృతి తనంతట తాను చెడగొట్టజాలదు. విజ్ఞానశాస్త్రము చెడగొట్టగలదు గాని అందుకు విశేష వ్యయము, జాగ్రత్త, సంపూర్ణత వలయును. మన చేతిలోనున్న సులభోపాయము దానిని నీటిలో పడనీయకుండుటయే. కాలువకు ఎగువ గ్రామమని, దిగువ గ్రామమని భేదము లేదు; ఒకరి తూము వదలిన నీరు మరియొకరి చెరువు నింపును. ఈ సంవత్సరము కాలువలు వదలుటకు పూర్వమే ప్రతి పంచాయతీయు తన చెరువుగట్టును, తూమును, చెత్త వేయు స్థలమును ఒకసారి పరిశీలించి, గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టవలెనని మా మనవి.